ఏడు కోట్ల డాక్టరు

లోకంలో పళ్ళ డాక్టర్లందరూ పన్ను పీకే ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఈ డాక్టరు గారు మాత్రం ముందు పలకా బలపం చేతికిచ్చి, ఇంజెక్షన్ సంగతి తర్వాత చూసేవారు. రోగి కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక నల్లబోర్డు, దాని మీద అరచేయంతేసి తెల్లటి అంకెలతో ఒకే ఒక్క సంఖ్య ఉండేది: 73939133.

"ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు," అని ఆయన ఒక్క గుక్కలో చదివేవారు. "దీన్ని మీకు నచ్చిన సంఖ్యతో భాగించండి. శేషం లేకుండా పోయిందా, మీ పన్ను జోలికి రాను. ఒకటితో భాగిస్తే ఒప్పుకోను. దాన్ని దాంతోనే భాగించినా ఒప్పుకోను. మిగతా లోకమంతా మీదే."

పన్ను సలుపుతున్నవాడికి భాగహారం ఒకటా అని మీకు అనిపించొచ్చు. కానీ పీకించుకోకుండా బయటపడొచ్చన్న ఆశ ఉందే, అది మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. లెక్కల క్లాసంటే గోడ దూకి పారిపోయినవాళ్ళు కూడా ఒక చేత్తో బుగ్గ పట్టుకుని రెండో చేత్తో బలపం అరగదీసేవారు. పదమూడుతో మొదలుపెట్టి, పదకొండుకి దిగొచ్చి, పంతొమ్మిదిలో పడి కొట్టుకుంటూ ఉండగా డాక్టరు గారు "మీరు కానివ్వండి, నేను ఊరికే చూస్తున్నా" అంటూ సూది వేసేసేవారు. ఇరవై మూడు దగ్గరికొచ్చేసరికి పన్ను ట్రేలో ఉండేది.

అసలు చిక్కు ఆ తర్వాత.

"అయిపోయిందండీ, ఇక లేవండి."

"ఉండండి సార్, ఇరవై తొమ్మిదితో పోయేట్టుంది."

"పన్ను పీకేశానండీ."

"పన్ను పోతే పోయింది. దీని సంగతేంటో తేల్చాలి."

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన ఏడు కోట్ల డాక్టరు. ఈ పేరు విని ఒకసారి ఆదాయపు పన్ను ఆఫీసరు ఒకాయన కళ్ళెర్రజేసుకుంటూ తనిఖీకి వచ్చాడు. ఆ కోట్లేవో చూపించమన్నాడు. డాక్టరు గారు చూపించి, పలక ఇచ్చారు. ఆదాయపు పన్ను కోసం వచ్చినాయన దవడ పన్ను ఇచ్చి వెళ్ళాడు.

ఎంతమంది ఎన్ని విధాల చూసినా ఆ నంబరు లొంగలేదు. పోలీసు ఇన్‌స్పెక్టరు ముప్పై ఒకటి దాకా వచ్చి విసిగిపోయి, "మా స్టేషన్లో ఒక్క పూట కూర్చోబెడితే ఏ నంబరైనా విరుగుతుంది," అన్నాడు. లాయరు గారు పలక ముట్టుకోకుండానే, "అరతో భాగించకూడదని మీరు ముందుగా చెప్పలేదు, కాబట్టి నేను గెలిచాను," అని వాదనకి దిగాడు. వాదిస్తూ నోరు బాగా తెరిచిన సమయం చూసి డాక్టరు గారు ఆయన పని కానిచ్చేశారు.

ఇలా నడుస్తున్న క్లినిక్‌లోకి డాక్టరు గారి అన్నగారి అమ్మాయి వచ్చి చేరింది. ఆమె కూడా పళ్ళ డాక్టరే. కొత్తగా చదువు ముగించుకుని, క్లినిక్‌ని గంట కొట్టినట్టు టైము ప్రకారం నడపాలన్న ఆశతో వచ్చింది. వీధివాళ్ళు ఆమెని చిన్న డాక్టరమ్మ అన్నారు. వచ్చిన రోజే ఆమె కళ్ళు బోర్డు మీద పడ్డాయి.

"బాబాయ్, ఏంటీ నంబరు?"

"ప్రధాన సంఖ్య. అంటే దేనితోనూ భాగం పోనిది."

"అలాంటివి కోకొల్లలుంటాయిగా."

"ఉంటాయి. ఇలాంటిది ఉండదు. చివరి మూడు పీకెయ్. ఏం మిగిలింది?"

"డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు."

"అదీ విరగదు. ఇంకో అంకె పీకెయ్. అదీ విరగదు. అలా చివరి నుంచి ఒక్కొక్కటే తీసుకుంటూ పో. డెబ్బై మూడు వేల తొమ్మిది వందల ముప్పై తొమ్మిదీ విరగదు, ఏడు వందల ముప్పై తొమ్మిదీ విరగదు, డెబ్బై మూడూ విరగదు. ఆఖరికి బోసినోట్లో ఒంటి పన్నులాగా ఏడు మిగులుతుంది. అదీ విరగదు. ఎన్ని ఊడినా మిగిలినంతవరకు గట్టిగా నిలబడే ఇలాంటి సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. దీని చివర ఇంకొక్క అంకె తగిలించు, ఏ అంకైనా సరే, విరిగి ఊరుకుంటుంది."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది, భాగించుకో."

అదీ ఆయన ప్రేమకి కారణం. మిగతా ప్రపంచానికి అది అంకెల వరుస. డాక్టరు గారికి మాత్రం అన్ని పళ్ళూ ఊడినా ధైర్యం చెడని మహా గొప్ప రోగి. పన్ను పోయిందని దిగులుపడేవాళ్ళకి ఆయన బోర్డు మీద చివరి మూడుని చేత్తో మూసి చూపించేవారు. "చూడండి, చివరొకటి పోయింది. మిగిలినాయన చెక్కుచెదిరాడా?" పళ్ళు కట్టించుకోవడానికి వచ్చిన తాతగారికైతే అంకెలన్నీ మూసి ఒక్క ఏడు మిగల్చవలసి వచ్చింది.

ఇంట్లో పిన్ని మాటేమిటని చిన్న డాక్టరమ్మ వాకబు చేసింది. పిన్ని కాఫీ కలుపుతూ, "నేను మీ బాబాయికి రెండో భార్యనమ్మా," అంది చల్లగా. "మొదటావిడ క్లినిక్‌లో గోడకి వేలాడుతూ ఉంటుంది. నన్ను ఎప్పుడైనా ఏమైనా అన్నారేమో గానీ, ఆవిడని పల్లెత్తు మాట అనగా నేను వినలేదు."

చిన్న డాక్టరమ్మ ఊరుకోలేదు. బాబాయి ఎవరిదో పెళ్ళికని పక్క ఊరు వెళ్ళిన రోజు చూసి బోర్డు తీయించి, దాని స్థానంలో నవ్వుతున్న పన్ను బొమ్మ పెట్టించింది. మెత్తటి సంగీతం పెట్టింది. మొదట వచ్చిన రోగి లారీ డ్రైవరు. ఆజానుబాహుడు. కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూశాడు.

"నంబరేదండీ?"

"నంబరు లేదు. హాయిగా సంగీతం వినండి."

అతను సంగీతం విన్నాడు. సూది చూశాడు. నవ్వుతున్న పన్ను వైపు చూశాడు. మరుక్షణం మెడకి కట్టిన ప్లాస్టిక్ గుడ్డతో సహా వీధి చివర కనిపించాడు. ఆ గుడ్డ ఆ తర్వాత లారీ అద్దాలు తుడుచుకోవడానికి వాడుతున్నాడని తెలిసింది. బోర్డు సాయంత్రానికల్లా మళ్ళీ గోడెక్కింది. అయినా చిన్న డాక్టరమ్మకి ఆ నంబరంటే గిట్టలేదు. ఇద్దరు రోగులు పట్టే టైములో ఒక్కరు పడుతున్నారని ఆమె గొడవ.

ఆ నంబరు విషయంలో డాక్టరు గారికి స్నేహాలూ మొహమాటాలూ ఉండేవి కావు. క్లినిక్ కిందే మందుల షాపు. షాపాయనకీ డాక్టరు గారికీ కంచం పొత్తూ మంచం పొత్తూ తప్ప అన్ని పొత్తులూ ఉన్నాయి. ఒకరోజు ఆయన పలక పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "ముప్పై ఏడుతో పోయిందండీ. శేషం సున్నా." డాక్టరు గారు నోరు తెరిచి ఉన్న రోగిని అలాగే వదిలేసి పలక అందుకున్నారు. వరస వెంబడి వేలు నడిపించి, అడుగున ఆపారు.

"ఇదేంటయ్యా?"

"ఐదు."

"బోర్డు మీద ఉన్నది మూడు. మూడుని ఐదని దించుకున్నావు. మాబోటి డాక్టర్ల రాత చదివి చదివి నీ కళ్ళు అలా తయారయ్యాయి."

అంతటితో వదిలితే బాగుండేది. వదల్లేదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఆ పలక చూపించారు. "స్నేహం వేరు, శేషం వేరు," అన్నారు. షాపాయన వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. తర్వాత మామూలుగా మాట్లాడుకున్నారు గానీ, ఆ ముప్పై ఏడు ఆయన కడుపులో అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక ఉదయం లెక్కల టీచరమ్మ క్లినిక్‌కి వచ్చింది.

టీచరమ్మ అంటే ఆషామాషీ మనిషి కాదు. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు బోర్డు మీద తప్పు రాస్తే, ఆయన చేతే దిద్దించి పంపిన మనిషి. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లోనే సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్ చెబుతోంది. ఆ వీధిలో కూడికలొచ్చిన ప్రతివాడూ ఆవిడ చేతి మీదుగా వచ్చినవాడే. కానీ సూది పేరెత్తితే మాత్రం ఆవిడ ప్రాణం అరచేతిలోకి వస్తుంది. దవడ పన్ను పుచ్చి, బుగ్గ బూరెలా వాచిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. చివరికి పక్క వాటాలో ఉండే కూతురు చూసి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

బయటి గది నిండా జనం. ఒక మూల లాయరు గారున్నారు, ఇంకో మూల మందుల షాపాయన కూడా ఉన్నాడు, పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి. చిన్న డాక్టరమ్మ కేసు రాసుకుంటూ, వాడుతున్న మందులేమిటని టీచరమ్మని అడిగింది. కూతురు అందుకుంది.

"నేను చెప్తానండీ. అమ్మకి ఈమధ్య ఏదీ సరిగ్గా గుర్తుండట్లేదు. లెక్కలు కూడా తప్పుతోంది. మొన్న ఈ షాపు అంకుల్ వాళ్ళ అమ్మాయి తప్పు లెక్కకి రైటు కొట్టిందట. అడగండి కావాలంటే."

షాపాయన ఇబ్బందిగా కదిలాడు. "అంటే, పెద్దవాళ్ళు కదా. ఏదో పొరపాటు."

"పొరపాటో ఏదో. ఒకటో తారీఖు నుంచి ట్యూషన్లు మానిపించేస్తున్నానండీ. పిల్లల చదువులతో ఆటలెందుకు?"

టీచరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది. ఆ ట్యూషనే లేకపోతే ఆవిడకి సాయంత్రమన్నది ఎందుకొస్తుందో, వచ్చి ఏం చేసుకోవాలో కూడా తెలియదు. చిన్న డాక్టరమ్మకి ఆవిడ వైపు చూడబుద్ధి కాలేదు.

అంతలో డాక్టరు గారు లోపలి నుంచి వచ్చి, అలవాటు ప్రకారం ఆవిడ చేతిలో పలక పెట్టారు. "మీకు నేను చెప్పేదేముంది టీచరమ్మ గారూ. నంబరు మీకు తెలిసిందే."

ఆవిడ పలక వైపు చూసింది. తలుపు సందులోంచి సూదుల ట్రే వైపు చూసింది. తర్వాత నిటారుగా కూర్చుని బలపం అందుకుంది. పదిహేడుతో మొదలుపెట్టింది. లెక్క చేస్తున్న టీచరమ్మని చూస్తుంటే అందరికీ చిన్నప్పటి భయం గుర్తొచ్చినట్టుంది, లాయరు గారు కూడా కాలు మీద కాలు తీసేశాడు. బలపం చకచకా నడిచింది. మధ్యలో లోపల ట్రేలో ఏదో ఖంగుమంది. ఆవిడ ఒకసారి అటు చూసి, మళ్ళీ బలపం సాగించింది.

"పోయింది," అంది టీచరమ్మ.

"ఏం పోయిందమ్మా?"

"శేషం లేదు. పదిహేడుతో పోయింది."

షాపాయన కూర్చున్నచోటు నుంచి స్ప్రింగులా లేచాడు. గది గదంతా పలక మీదికి ఒరిగింది. నిజమే, అడుగున నిండు సున్నా.

డాక్టరు గారు పలక అందుకున్నారు. చిన్న డాక్టరమ్మ ఆయన భుజం మీంచి తొంగిచూసింది. ఆమెకి అర నిమిషం పట్టలేదు. లెక్కలో పదిహేడు తొమ్మిదులు మూడుసార్లు వచ్చాయి. రెండుసార్లు నూట యాభై మూడు అని వేసింది టీచరమ్మ. మొదటిసారి మాత్రం నూట నలభై మూడు. ట్రే చప్పుడైనప్పుడు ఒక పది జారిపోయింది.

"బాబాయ్, ఇదిగో ఇక్కడ..."

డాక్టరు గారు బూటుకాలితో ఆమె కాలు తొక్కారు. ఆమె కెవ్వుమంది. పళ్ళ క్లినిక్ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన పలకని దగ్గరగా చూశారు, దూరంగా చూశారు. బోర్డు వైపు ఒకసారి చూశారు. ముప్పై ఏడు విషయంలో ప్రాణస్నేహితుడి పరువు వీధి వీధంతా తీసిన మనిషి, పలక జాగ్రత్తగా టీచరమ్మ చేతికే తిరిగి ఇచ్చేశారు.

"విరిగిందండీ," అన్నారు. "మీరు గెలిచారు."

"అమ్మా, నిజంగానే?" అంది కూతురు. ఆమె గొంతులో ఎన్నాళ్ళుగానో లేని భయభక్తులు వినబడ్డాయి. షాపాయన తల గోక్కున్నాడు. "అయితే ఆ రోజు మా అమ్మాయే తప్పు ఎక్కించుకుని ఉంటుందండీ. టీచరమ్మ తప్పడమేంటి, నా బుద్ధి కాకపోతే." టీచరమ్మ వాచిన బుగ్గతోనే తలెత్తి కూర్చుంది. డాక్టరు గారు వాపు తగ్గడానికి మందులు రాసిచ్చి, పన్ను జోలికి వెళ్ళకుండా మాట ప్రకారం పంపేశారు.

గది ఖాళీ అయ్యాక చిన్న డాక్టరమ్మ ఆయన్ని నిలదీసింది.

"అబద్ధం చెప్పావు."

"వాపు తగ్గితేగానీ ఆ పన్ను ఎలాగూ పీకను. మందులు పడాలి కదా."

"నేను అడిగింది పన్ను గురించి కాదు, పదిహేడు గురించి."

డాక్టరు గారు చేతులు కడుక్కుని తువ్వాలు అందుకున్నారు. "నంబరుకేం, దానికి సిగ్గా ఎగ్గా? ఎవరేమనుకున్నా అది విరగదు. ఆవిడ అలా కాదు. ఆ గదిలో, కూతురి ముందు, ఆ షాపువాడి ముందు తప్పని చెప్పి ఉంటే ఆవిడ ఇంటికి వెళ్ళి ఇక పలక ముట్టుకునేది కాదు. నువ్వు ఎక్కడైనా నోరు విప్పావంటే చెప్తున్నా, ముందు నీ పన్ను పీకుతా."

ఆ మధ్యాహ్నం ఆయన స్వయంగా స్టూలెక్కి బోర్డు దించేశారు. విరిగిన నంబరుని గోడకి పెట్టుకుంటే జనం ఏమనుకుంటారని. పిన్ని క్యారేజీ తీసుకుని వచ్చి, ఖాళీ గోడ చూసి గతుక్కుమంది. "ఏమైందండీ మా అక్కకి? పుట్టింటికి వెళ్ళిందా?" అని అడిగి, ఆయన మొహం చూసి క్యారేజీ విప్పి వడ్డించింది. సవతి పోరు పడలేక చస్తున్నానని రోజూ సణిగిన మనిషే, ఆ రాత్రి ఆయనకి ఇష్టమైన కూర వండింది.

ఇక వీధికి పండగే పండగ. షాపాయన ముప్పై ఏడు బాకీ వడ్డీతో సహా తీర్చుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళందరికీ, "పైన డాక్టరు గారి నంబరు విరిగింది తెలుసా, దానికీ ఏమైనా కట్టు కట్టే మందుంటే నా దగ్గర ఉందేమో చూస్తాను," అనేవాడు. లాయరు గారు పాత కేసు తిరగదోడి తన పన్ను తనకి ఇప్పించమన్నాడు. డాక్టరు గారు అన్నిటికీ నవ్వేసి ఊరుకున్నారు.

ఊరుకోలేనిది చిన్న డాక్టరమ్మ. ఏ నంబరు గోడ దిగితే చాలని మొక్కుకుందో, ఆ నంబరుని ఎవరైనా ఒక్క మాటంటే ఇప్పుడు ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. షాపుకి వెళ్ళినప్పుడల్లా, "పదిహేడో ఎక్కం ఒకసారి జాగ్రత్తగా చదువుకోండి అంకుల్," అనేసి, నాలుక్కరుచుకుని వచ్చేసేది. మందుల చీటీ వెనక తనే ఒకసారి పదిహేడుతో భాగించి చూసుకుంది. శేషం పదమూడు వచ్చింది. ఆ పదమూడుని చూశాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

మందుల కోర్సు పూర్తయ్యేవేళకి టీచరమ్మ మళ్ళీ వచ్చింది. వాపు పోయింది. ఈసారి ముందు ఆవిడ నడుస్తోంది, కూతురు వెనక. బయటి గదిలో మామూలు జనమే. ఆవిడ కూర్చోలేదు.

"ఆ షాపాయన్ని పైకి పిలవండి," అంది చిన్న డాక్టరమ్మతో. ఆయన కౌంటరు వదిలి పరుగున వచ్చాడు. టీచరమ్మ పిలిస్తే రాకుండా ఉండే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

"మొన్న నేను చేసింది తప్పు లెక్క," అంది టీచరమ్మ.

షాపాయన నోరు తెరిచేలోగా ఆవిడే మళ్ళీ అందుకుంది.

"భాగహారం అయ్యాక గుణించి సరిచూసుకోకుండా పలక పక్కన పెట్టొద్దని పిల్లలకి రోజూ చెప్తాను. ఆ రోజు సూది భయంలో నేనే పక్కన పెట్టేశాను. నిన్న సాయంత్రం పిల్లలకి ఆ లెక్క ఇచ్చి, నాకొచ్చిన భాగఫలాన్ని పదిహేడుతో గుణించమన్నాను. ముప్పై తొమ్మిది వేలు రావలసిన చోట అందరికీ నలభై తొమ్మిది వేలు వచ్చింది. పిల్లలు తప్పారనుకున్నాను. అంతమందిదీ ఒకే తప్పయితే అది పిల్లల తప్పు కాదు కదా."

"మరి?" అన్నాడు షాపాయన.

"నా పలకే వాళ్ళ చేతికిచ్చి తప్పెక్కడుందో వెతకమన్నాను. ముందుగా పట్టుకున్నది మీ అమ్మాయి. పదిహేడు తొమ్మిదులు ఒకే పలక మీద రెండు రకాలుగా ఉన్నాయేంటి టీచర్, అని అడిగింది."

"మా అమ్మాయా?" షాపాయన మొహం చాటంత అయింది. చుట్టూ ఉన్నవాళ్ళని, "మా అమ్మాయే. టీచరమ్మ తప్పునే పట్టుకుంది. ఎవరి దగ్గర చదువుతోందనుకున్నారు?" అని అడిగి, తను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

టీచరమ్మ కూతురి వైపు తిరిగింది. "తప్పు ఎవరికైనా వస్తుందమ్మా. నీకూ వస్తుంది. పట్టుకోవడం, పట్టించడం చేతకానినాడు ట్యూషన్ నేనే మానేస్తాను. నువ్వు చెప్పక్కర్లేదు." కూతురు కళ్ళు దించుకుని, "సరేనమ్మా," అంది. ఆ సరేలో విసుగు లేదు. చిన్న డాక్టరమ్మకి టీచరమ్మని అక్కడే కావలించుకోవాలనిపించింది.

"ఇక మీరు," అంది టీచరమ్మ డాక్టరు గారితో. ఆయన గోడకి ఆనుకుని ఇంకొంచెం చిన్నగా నిలబడ్డారు. "ఆ రోజు పలక మీరు చూశారా, లేదా?"

చూశానంటే అబద్ధాలకోరు. చూడలేదంటే చవట. డాక్టరు గారు రెండూ తూచి చూసుకున్నట్టున్నారు.

"చూడలేదండీ," అన్నారు.

"ఎదురుగా పట్టుకుని చూశారు కదా."

"అంటే, చూశాను గానీ, తెలియలేదండీ. ఈమధ్య పదిహేడో ఎక్కం సరిగ్గా గుర్తుండట్లేదు."

టీచరమ్మ ఆయన్ని నఖశిఖ పర్యంతం చూసింది. "ఇన్నేళ్ళుగా ఆ నంబరు తప్ప వేరే లోకం లేని మనిషికి పదిహేడో ఎక్కం రాదు. బాగుంది. సాయంత్రం పలక తెచ్చుకుని ట్యూషన్‌కి రండి."

గదంతా ఘొల్లుమంది. డాక్టరు గారు తల ఊపారు. ఆవిడ నేరుగా లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"పలక ఇవ్వమంటారా?" అన్నారాయన.

"వద్దు. భయం ఉంది. ఉంటే ఉండనివ్వండి, మీరు పీకండి," అని కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతుల్ని పట్టుకుని నోరు తెరిచింది. పన్ను వచ్చేసింది. ఆవిడ దూది కరుచుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగుతుంటే, షాపాయన ముందు నడుస్తూ దారి ఇప్పించాడు. బోర్డుని మళ్ళీ గోడకెక్కించింది చిన్న డాక్టరమ్మే. మేకు వంకరగా దిగిందని ఆయన సణిగితే రెండోసారి కొట్టింది.

నాలుగు రోజులాగి, నోరు మానగానే ట్యూషన్ మళ్ళీ మొదలైంది. డాక్టరు గారు నిజంగానే వెళ్ళారు. మర్నాడూ వెళ్ళారు. పళ్ళ డాక్టరంతటివాడు పలక చంకలో పెట్టుకుని వీధిలో పోతుంటే జనం చూడకుండా ఉంటారా? "అంత పెద్దాయనే వెళ్ళి కూర్చుంటున్నాడంటే ఆవిడ ఎంత బాగా చెప్తోందో," అని పక్క వీధివాళ్ళు కూడా పిల్లల్ని తెచ్చి చేర్చారు. ట్యూషన్ మానిపిస్తానన్న కూతురే చాపలు చాలక కొత్తది కొనుక్కొచ్చి వరండాలో పరిచింది.

ఒక సాయంత్రం క్లినిక్‌కి కాస్త పెద్ద మనిషొకాయన వచ్చి, పళ్ళు శుభ్రం చేయించుకుంటే పెద్ద డాక్టరు గారి చేతే చేయించుకుంటానని భీష్మించుకుని కూర్చున్నాడు. చిన్న డాక్టరమ్మ బాబాయిని పిలుచుకురావడానికి టీచరమ్మ ఇంటికి వెళ్ళింది.

పిల్లల మధ్య, చాప మీద, మోకాళ్ళు చెవులకి తగిలేట్టు ముడుచుకుని కూర్చుని డాక్టరు గారు ఎక్కం అప్పజెబుతున్నారు. "పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు. పదిహేడు తొమ్మిదులు..." అని ఆగిపోయారు. పైకప్పు వైపు చూశారు. పిల్లలందరూ చేతులెత్తి, నేను చెప్తా నేను చెప్తా అని ఎగురుతున్నారు. చిన్న డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. తొంభై ఏడో ఎక్కం నిద్రలో లేపినా తప్పకుండా చెప్పే మనిషి ఆయన. కిటికీ వైపు తిరిగి నిలబడ్డ టీచరమ్మ మొహం పిల్లలకి కనబడటం లేదు గానీ, గుమ్మంలో ఉన్న ఆమెకి కనబడుతూనే ఉంది. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, పన్ను ఊడిన సందుతో సహా నవ్వుతోంది.

కాసేపటికి నవ్వు దిగమింగుకుని ఆవిడ ఇటు తిరిగింది. "రాలేదా?"

"రావట్లేదండీ."

"అయితే రేపు కూడా రావాల్సిందే."

"తప్పుతుందా అండీ," అన్నారు డాక్టరు గారు, చాప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

చిన్న డాక్టరమ్మ పిలవకుండానే వెనక్కి తిరిగింది. క్లినిక్‌లో కూర్చున్న పెద్దమనిషికి ఏం చెప్పాలా అని దారి పొడవునా ఆలోచించింది. డాక్టరు గారికి ఎక్కం రాలేదు, టీచరమ్మ పంపనంది అని ఉన్నమాట చెప్పేయడం తప్ప ఆమెకి ఇంకేమీ తోచలేదు.